పాత తైలవర్ణ చిత్రాల అడుగు పొరలను ఎక్స్-రేతో పరిశీలించడం: సమగ్ర మార్గదర్శి

తైలవర్ణ చిత్రానికి ఎక్స్-రే తీస్తే కింద దాగిన బొమ్మ ఫొటోలాగా బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. డిటెక్టర్ మీద పడేది ఏ ఒక్క పొర నీడా కాదు. పైనున్న వార్నిష్ మొదలుకొని రంగు పొరలు, అడుగు పూత, గుడ్డ, దాని వెనకనున్న చెక్క చట్రం, మేకులు, ఎప్పుడో ఎవరో అతికించిన కాగితం దాకా కిరణానికి అడ్డొచ్చిన ప్రతిదీ కొంత మింగగా మిగిలిన మొత్తమే ఆ నీడ. నాలుగు నెగెటివ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. అందువల్ల తీయడం తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏ జాడ ఏ పొరదో వేరు చేయగలగాలి. ఈ మార్గదర్శిలో చదివే పద్ధతికి ఎక్కువ చోటిచ్చింది అందుకే.

పద్ధతి కొత్తదేమీ కాదు. విల్హెల్మ్ రాంట్‌జన్ 1895 నవంబరులో ఈ కిరణాలను కనుగొన్నాక, మరుసటి ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాల్టర్ కోనిగ్ ఒక చిత్రానికి ఎక్స్-రే తీశాడు. 1920ల నడిమి నుంచి హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం తరఫున ఆలన్ బరోస్ యూరప్, అమెరికా మ్యూజియాల్లోని చిత్రాలకు వరుసగా ఎక్స్-రేలు తీయించాడు. పరికరాలు మారాయి గానీ, అప్పటి భౌతిక సూత్రమే ఇప్పటికీ ఆధారం.

1. ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు

ఒక రంగు ఎక్స్-రేలో ఎలా కనిపిస్తుందన్నది అది కంటికి ఏ రంగుగా కనిపిస్తుందన్న దానిమీద ఆధారపడదు. అందులోని మూలకాల పరమాణు సంఖ్య, పూత మందం ఈ రెండే ముఖ్యం. సీసం పరమాణు సంఖ్య 82, పాదరసం 80. సీసంతో చేసే లెడ్ వైట్, సీసం తగరం కలిపి చేసే పసుపు, పాదరసం గంధకం కలిసిన ఇంగిలీకం కిరణాలను గట్టిగా అడ్డుకుంటాయి గనుక తెల్లగా మెరుస్తాయి. ఇనుము, రాగి, జింక్ ఉన్న రంగులు మధ్యస్థంగా అడ్డుకుంటాయి. బొగ్గు మసి, లక్క వంటి సేంద్రియ ఎరుపులు, నీలిమందు, సోడియం అల్యూమినియం సిలికాన్‌ల వంటి తేలిక మూలకాలతో ఏర్పడిన లాజవర్ద నీలం దాదాపు కనిపించవు.

ఇక్కడి నుంచే రెండు హెచ్చరికలు పుడతాయి. ఎక్స్-రేలో పెదవి తెల్లగా మెరిస్తే అది తెల్లరంగు కానక్కర్లేదు, ఇంగిలీకపు ఎరుపు కావచ్చు. అలాగే చిత్రకారుడు అడుగు పూత మీద బొగ్గుతో వేసుకున్న మొదటి గీతలను ఎక్స్-రే చూపలేదు. వాటికి ఇన్‌ఫ్రారెడ్ రిఫ్లెక్టోగ్రఫీ, అంటే పరారుణ కాంతితో బొమ్మ తీసే పద్ధతి, కావాలి. ఎక్స్-రేలో గీతలేమీ కనిపించలేదు గనుక చిత్రకారుడు ముందుగా గీసుకోలేదని రాసేయడం తరచూ కనిపించే పొరపాటు.

పంతొమ్మిదో శతాబ్దం దాకా యూరప్ తైలవర్ణ చిత్రకారులకు తెలుపంటే లెడ్ వైట్. ముఖంలో వెలుగు పడే చోట, తెల్లటి కాలరులో, చాలాసార్లు అడుగు పూతలోనూ అదే ఉంటుంది. ఆ కాలపు చిత్రాలకు ఎక్స్-రే ఇంత బాగా పనికిరావడానికి కారణం ఇదే. జింక్ వైట్, 1920 ప్రాంతం నుంచి టైటానియం వైట్ వాడిన చిత్రాల్లో వెలుగునీడల తేడా తగ్గిపోతుంది.

2. చిత్రం ఈ పరీక్షకు తగినదేనా

ముందుగా ప్రశ్నను కాగితం మీద రాసుకోవాలి. "కింద ఏముందో చూద్దాం" అన్నది ప్రశ్న కాదు. "ఈ చేయి మొదట వేరే చోట ఉండేదా?", "ఎడమ అంచును తర్వాత కత్తిరించారా?", "ఈ గుడ్డ మీద అంతకుముందు మరో చిత్రం ఉందా?" అన్నవి ప్రశ్నలు. చిత్రంలో ఏ భాగాన్ని ఎంత వివరంగా తీయాలో ప్రశ్నను బట్టే తేలుతుంది.

గుడ్డ మీద, చెక్క పలక మీద వేసిన తైలవర్ణ చిత్రాలు ఈ పరీక్షకు అన్నిటికంటే అనుకూలం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరోపియన్ చిత్రాలు గానీ, సంస్థానాల భవనాల్లోంచి వచ్చిన నిలువెత్తు పటాలు గానీ ఈ కోవకే వస్తాయి. రాగి రేకు మీద వేసిన చిత్రాల్లో రేకే కిరణాలను మింగేస్తుంది. వెనక గుడ్డకు సీసపు రంగు పూసి ఉన్నా, అతుకు గుడ్డ (పాత గుడ్డకు బలంగా వెనక అంటించే రెండో గుడ్డ) వేసినప్పుడు లెడ్ వైట్‌ను జిగురుగా వాడినా, ముందున్న బొమ్మ ఆ తెలుపులో మునిగిపోతుంది. లేపాక్షి వంటి చోట గోడ మీది చిత్రాలకు వెనక డిటెక్టర్ పెట్టే వీలే లేదు గనుక ఈ పద్ధతి వర్తించదు. అక్కడ ముందువైపు నుంచే మూలకాలను కొలిచే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్‌ను (ఏడో భాగంలో వివరం ఉంది) ఆశ్రయించాలి. కాగితం మీద వేసిన సూక్ష్మచిత్రాల్లో సీసపు తెలుపు, సిందూరం ఉంటే ఎక్స్-రే పనిచేస్తుంది గానీ పూత పలచన కాబట్టి మామూలుకంటే చాలా తక్కువ వోల్టేజి కావాలి.

3. భద్రత, అనుమతి

ఇది సొంతంగా ఇంట్లో చేసే పని కాదు. మన దేశంలో ఎక్స్-రే యంత్రాల వాడకం అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలో ఉంటుంది. శిక్షణ పొందిన వ్యక్తి, కిరణాలు బయటికి రాని గది, సిబ్బందికి డోసు కొలిచే బ్యాడ్జీలు తప్పనిసరి. సిబ్బందికి వరుసగా అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి. చిత్రాన్ని చేత్తో పట్టుకుని నిలబెట్టడం వంటివి ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

సొంత యంత్రం లేని మ్యూజియాలు ఆసుపత్రి రేడియాలజీ విభాగం సాయం అడగడం మామూలే, అందులో తప్పూ లేదు. అయితే ఆసుపత్రి యంత్రం శరీరం కోసం తయారైంది. రోగి చర్మానికి అనవసరమైన డోసు తగలకుండా అందులో అల్యూమినియం ఫిల్టర్ ఉంటుంది. చిత్రానికి సరిగ్గా కావలసిన తక్కువ శక్తి కిరణాలను ఆ ఫిల్టరే తీసేస్తుంది. పైగా చాలా యంత్రాలు 40 కిలోవోల్ట్‌ల కిందికి దిగవు. ఫలితం దక్కుతుంది గానీ తేడాలు మందంగా ఉంటాయి. తక్కువ శక్తి కిరణాలను ఆపని బెరీలియం లోహపు కిటికీ ఉన్న, 20 కిలోవోల్ట్‌ల దాకా దించగల పారిశ్రామిక ట్యూబు దొరికితే దాన్నే ఎంచుకోవాలి.

ఇంతటి డోసుతో రంగులు మారినట్టు కంటికి ఏమీ కనిపించదు. ఒక్క మాట మాత్రం: అదే గదిలో, అదే కిరణం దారిలో మట్టి పాత్రలు, టెర్రకోట బొమ్మలు ఉంచకూడదు. తర్వాత వాటికి థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో కాలనిర్ణయం చేయాల్సి వస్తే ఈ అదనపు డోసు లెక్కను పాడుచేస్తుంది.

4. ముందస్తు తయారీ

ఎక్స్-రేకు ముందు అదే చిత్రానికి మామూలు వెలుతురులో, పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుతురులో, అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. వెనకవైపు ఫొటోను మరవడం మామూలుగా జరుగుతుంది. చదివేటప్పుడు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది అదే. చట్రపు అడ్డకర్రలు ఎక్కడున్నాయి, మేకులు ఎన్ని, చీటీలు ఎక్కడ అతికించారు, చిరుగుకు ఏ చోట అతుకు వేశారు అన్నవి అందులోంచే తెలుస్తాయి. బయటి అలంకార చట్రాన్ని తీసేయాలి. గుడ్డను బిగించిన లోపలి చట్రాన్ని ఎక్స్-రే కోసమని తీయకూడదు. దాని నీడ అడ్డమైనా సరే, గుడ్డను విప్పడంలో ఉన్న ప్రమాదం అంతకంటే పెద్దది.

రంగు పొర పెచ్చులుగా లేస్తుంటే సంరక్షకుడు దాన్ని స్థిరపరిచేవరకు పని ఆపాలి.

5. తీయడం

రంగు పొర డిటెక్టర్‌కు దగ్గరగా, ట్యూబు చిత్రం వెనకవైపు ఉండేలా అమర్చడం మేలు. మధ్యలో పలచటి పాలిస్టర్ షీటు వేస్తే పూతకు రాపిడి తగలదు. దగ్గరగా ఎందుకంటే, కిరణం ఒక బిందువు నుంచి కాక కొంత వెడల్పున్న మచ్చ నుంచి బయల్దేరుతుంది. దూరం పెరిగినకొద్దీ నీడ అంచు మసకబారుతుంది. ట్యూబు మచ్చ 1.5 మిల్లీమీటర్లు, ట్యూబు నుంచి చిత్రానికి 1 మీటరు, చిత్రానికి డిటెక్టర్‌కు మధ్య 2 సెంటీమీటర్లు ఉంటే మసక 0.03 మిల్లీమీటర్లు. ఇది పర్వాలేదు. అదే ఖాళీ 20 సెంటీమీటర్లయితే మసక 0.3 మిల్లీమీటర్లకు చేరి గుడ్డ నేత అలుక్కుపోతుంది.

గుడ్డ మీది చిత్రానికి 20 నుంచి 40 కిలోవోల్ట్‌ల మధ్య మొదలుపెట్టాలి. మందమైన చెక్క పలకకు కొంచెం పెంచుకోవచ్చు. వోల్టేజి పెంచితే కిరణం సులువుగా దూసుకుపోతుంది గానీ పూతల మధ్య తేడా తగ్గిపోతుంది. కాబట్టి ఎక్స్-రే బొమ్మ మరీ తెల్లగా వస్తుంటే ముందు సమయాన్నో, కరెంటునో పెంచి చూడాలి, వోల్టేజిని చివరగా ముట్టుకోవాలి. ట్యూబును రెట్టింపు దూరానికి జరిపితే నాలుగింతల ఎక్స్‌పోజర్ కావాలన్న లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ముఖం ఉన్న చోట ఒకటి, ముదురు నేపథ్యం ఉన్న చోట ఒకటి నమూనాగా తీసి చూసుకున్నాక విలువలు ఖాయం చేయాలి. ఒకసారి ఖాయం చేశాక చిత్రమంతటికీ అవే విలువలు వాడాలి, లేకపోతే ముక్కలను కలిపినప్పుడు అతుకులు బయటపడతాయి.

పెద్ద చిత్రానికి ఎన్ని ప్లేట్లు (డిటెక్టర్ పలకలు) కావాలన్నది తేలికగా కనిపించే లెక్క, కానీ మోసం చేస్తుంది. 120×90 సెంటీమీటర్ల గుడ్డకు 40×30 ప్లేట్లు తొమ్మిది చాలుననిపిస్తుంది. కానీ పక్కపక్క ప్లేట్లు 3 సెంటీమీటర్లు ఒకదాన్నొకటి కప్పాలి. అప్పుడు వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, మొత్తం పదహారు ప్లేట్లు పడతాయి. ప్రతి ప్లేటు మూలలో సీసపు అక్షరం ఒకటి పెట్టాలి. ఆ అక్షరం లేకపోతే కుడి ఎడమలు తారుమారై, ఎవరూ గమనించకుండానే నివేదిక దాకా వెళ్లిపోతుంది. అన్నిటినీ ముందునుంచి చూసే దిశకు తిప్పి భద్రపరచాలి.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఎముక బాగా కనిపించేలా కాంట్రాస్టును తనంతట తానే సర్దుతుంది. ఆ సర్దుబాటును ఆపించి, ముడి ఫైళ్లను 16 బిట్ రూపంలో అడిగి తీసుకోవాలి.

6. చదవడం

ఎక్స్-రే తెరమీదికి రాగానే దాగిన ముఖం కోసం వెతకడం సహజమైన ఆత్రుత. దాన్ని కాసేపు ఆపుకోవాలి. మొదట చిత్రానికి సంబంధించని నీడలన్నిటినీ, అంటే చట్రం కర్రలు, మేకులు, చెక్క చీలలు, వెనక అతుకులను, వెనకవైపు ఫొటోతో సరిపోల్చి గుర్తుపెట్టాలి.

తర్వాత గుడ్డ నేత. అడుగు పూతలోని సీసం పడుగు పేకల సందుల్లోకి దిగి గట్టిపడుతుంది గనుక, అతుకు గుడ్డ కింద మూసుకుపోయిన అసలు నేత కూడా ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంది. సెంటీమీటరుకు పడుగు ఎన్ని, పేక ఎన్ని అని అనేక చోట్ల లెక్కించి సగటు తీయాలి. ఒకే తానులోంచి కోసిన గుడ్డలను ఈ లెక్కతో జతపరిచిన సందర్భాలున్నాయి. కంప్యూటరు చేత లెక్కించే పద్ధతులూ వచ్చాయి. అంచుల దగ్గర దారాలు తోరణంలా వంగి ఉంటే, గుడ్డను మొదటిసారి బిగించి పూత పూసినప్పుడు ఆ అంచు అక్కడే ఉండేదని అర్థం. మూడు వైపులా ఆ వంపు ఉండి నాలుగో వైపు లేకపోతే, ఆ వైపు కత్తిరించి ఉంటారన్న అనుమానానికి బలం వస్తుంది.

ఆ తర్వాత నష్టాలు. రంగు ఊడిపోయిన చోట నల్లటి మచ్చ ఉంటుంది. దాన్ని సీసం కలిసిన ముద్దతో పూడ్చి ఉంటే నేత జాడ లేని నున్నటి తెల్ల మచ్చగా కనిపిస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలిన జాడలను మామూలు ఫొటోతో ఒకదానిమీద ఒకటి వేసి చూడాలి. పైబొమ్మతో సరిపోయేవి ఒకవైపు, సరిపోనివి మరోవైపు. సరిపోని వాటి కోసం చిత్రాన్ని పక్కకు, తలకిందులుగా తిప్పి చూడటం మరవరాదు. లాస్ ఏంజిలెస్ గెట్టీ మ్యూజియంలో రెంబ్రాంట్ చెక్క పలక మీద వేసిన సైనిక దుస్తుల ముసలివాడి చిత్రం కింద ఉన్న యువకుడు తలకిందులుగా ఉన్నాడు; 1968లో ఎక్స్-రే ఆ రూపాన్ని మొదట బయటపెట్టింది.

సరిపోని జాడ దొరికిందంటే మూడు సంగతుల్లో ఏదో ఒకటి కావచ్చు: చిత్రకారుడు పని మధ్యలో మనసు మార్చుకుని ఉండవచ్చు, పాత చిత్రాన్ని కప్పేసి గుడ్డను తిరిగి వాడుకుని ఉండవచ్చు, లేదా తర్వాతి కాలంలో మరొకరు పైన రంగు వేసి ఉండవచ్చు. వీటిని వేరు చేయడానికి నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా తోచేది చిత్రకారుడు వదిలిన ఖాళీని చూడటం. ఒక బల్ల మీద గిన్నె ఉందనుకుందాం. గిన్నె కింద బల్ల రంగు ఆగిపోయి గిన్నె ఆకారంలో నల్లటి ఖాళీ కనిపిస్తే, గిన్నె మొదటినుంచీ పథకంలో ఉన్నదే. బల్ల మీది కుంచె జాడలు గిన్నె కిందుగా ఆగకుండా సాగిపోతే, గిన్నె తర్వాత చేరింది. ఇలాంటి ఖాళీ ఉండి, అందులో ఇప్పుడు వస్తువేదీ లేకపోతే, అనుకున్నదాన్ని చిత్రకారుడు విరమించుకున్నాడని భావించవచ్చు. మెరిసే ఆకారం మీద పడినంత శ్రద్ధ ఈ నల్లటి ఖాళీల మీద పడదు. చిత్రకారుడి ఆలోచన క్రమం మాత్రం ఎక్కువగా వాటిలోనే దొరుకుతుంది.

ఎక్స్-రే ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న, పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మేర్ వేసిన చిత్రం కంటే మంచి ఉదాహరణ లేదు. తెరిచిన కిటికీ దగ్గర ఉత్తరం చదువుకుంటున్న యువతి వెనక గోడ ఎంతోకాలం బోసిగా ఉండేది. 1979లో తీసిన ఎక్స్-రేలో ఆ గోడ మీద మన్మథుడి బొమ్మ ఉన్న పటం బయటపడింది. దాన్ని వెర్మేరే చెరిపేశాడని దశాబ్దాల పాటు నమ్మారు. బోసి గోడలోని నిశ్శబ్దం ఆయన ఎంపికేనని వ్యాఖ్యానాలూ పుట్టాయి. ఎక్స్-రేలో ఆ నమ్మకాన్ని కాదనే ఆధారం ఏదీ లేదు, ఎందుకంటే పై పొర, కింది పొర ఎంత కాలం ఎడంతో పడ్డాయో అది చెప్పలేదు. ఇటీవలి పునరుద్ధరణలో తీసిన సూక్ష్మ నమూనాల్లో, మన్మథుడికీ పైన వేసిన గోడ రంగుకూ మధ్య పాత పూతా, మురికీ ఉన్నట్టు తేలింది. అంటే కప్పేసేనాటికి కింది చిత్రం ఆరి, ఏళ్లు గడిచి, దుమ్ము పట్టి ఉంది. ఆ పని వెర్మేర్ చేసింది కాదు. కప్పిన రంగును తొలగించి, 2021లో ఆ చిత్రాన్ని మన్మథుడితో సహా ప్రదర్శించారు. "ఎవరు, ఎప్పుడు" అన్న ప్రశ్నలకు ఎక్స్-రే ఒక్కదానితో జవాబు రాయకూడదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

7. పొరలను మూలకాల వారీగా విడదీయడం

మామూలు ఎక్స్-రేలో పై రంగే మందంగా ఉండి అడుగును మింగేస్తే ఫ్లోరెసెన్స్ మ్యాపింగ్ వైపు వెళ్లాలి. సన్నని ఎక్స్-రే పుంజం చిత్రాన్ని చుక్క చుక్కగా తడుముతుంది. ప్రతి చుక్కలోని మూలకాలు తమకే ప్రత్యేకమైన శక్తితో కిరణాలను తిరిగి వెలువరిస్తాయి. అప్పుడు సీసానికి ఒకటి, పాదరసానికి ఒకటి, రాగికి ఒకటి చొప్పున పటాలు తయారవుతాయి. 2008లో డెల్ఫ్ట్, ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాన్ గో 1887లో వేసిన పచ్చిక చిత్రాన్ని హాంబర్గ్ సింక్రోట్రాన్‌లో (చాలా తీవ్రమైన ఎక్స్-రేలనిచ్చే భారీ యంత్రంలో) ఇలా పరీక్షించారు. కింద ఒక తల ఉందని మామూలు ఎక్స్-రే మసకగా చెప్పింది. 17.5 సెంటీమీటర్ల చదరాన్ని రెండు రోజులు తడిమాక, పాదరసం పటమూ ఆంటిమొని పటమూ కలిసి ఒక రైతు స్త్రీ ముఖాన్ని ముందుంచాయి. పై పచ్చికలో లేని మూలకాలు కింది ముఖంలో ఉండటమే అక్కడి అదృష్టం. పైనా కిందా ఒకే రంగులు వాడి ఉంటే ఇంత ఫలితం దక్కేది కాదు.

ఇప్పుడు మ్యూజియంలోనే నిలబెట్టి వాడే స్కానర్లున్నాయి. సమయాన్ని ముందే లెక్కించుకోవాలి: 60×50 సెంటీమీటర్ల చిత్రాన్ని అర మిల్లీమీటరు చుక్కలుగా తీస్తే 12 లక్షల చుక్కలు, చుక్కకు 50 మిల్లీసెకన్లయినా దాదాపు 17 గంటలు పడుతుంది. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో ఫ్లోరెసెన్స్ మైక్రోప్రోబ్ ఉంది గానీ, పెద్ద చిత్రాన్ని అక్కడికి ప్రయాణం చేయించడం తేలికగా తీసుకునే నిర్ణయం కాదు.

పటాలను చదివేటప్పుడు శక్తుల కలగలుపును కనిపెట్టి ఉండాలి. ఒక మూలకం వెలువరించే ఒక్కో ప్రత్యేక శక్తిని రేఖ అంటారు; కె, ఎల్, ఎమ్ అన్నవి ఆ రేఖల పేర్లు. సీసం ఎల్-ఆల్ఫా రేఖ 10.55 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌లు, ఆర్సెనిక్ కె-ఆల్ఫా 10.54. సాఫ్ట్‌వేర్ ఆర్సెనిక్ ఉందని చూపితే, హరితాళం (ఆర్సెనిక్ ఉన్న పసుపు రంగు) వాడారని రాసేముందు మరో రేఖలో సరిచూడాలి. టైటానియం 4.51, బేరియం 4.47 కూడా అలాంటి జంటే. పదిహేడో శతాబ్దపు చిత్రంలో టైటానియం వైట్ మరమ్మతు జరిగిందన్న తీర్పు కొన్నిసార్లు ఈ ఒక్క పొరపాటు మీద నిలబడుతుంది. లోతు తెలుసుకోవడానికి సీసమే ఒక ఉపాయం ఇస్తుంది. దాని ఎమ్ రేఖ 2.3 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌ల దగ్గర ఉంటుంది, పలచటి పూత దాటి బయటికి రాలేదు. ఎల్ రేఖ లోతు నుంచి కూడా వస్తుంది. ఎల్ పటంలో ఉండి ఎమ్ పటంలో లేని ఆకారం పైపొరలోది కాదు.

8. నివేదిక

నివేదికలో చూసినదానికీ ఊహించినదానికీ వేర్వేరు పేరాలు ఉండాలి. "కుడి భుజం వెనక, పైబొమ్మతో సరిపోని, ఎక్స్-రేను గట్టిగా అడ్డుకునే ఆకారం ఉంది" అన్నది పరిశీలన. "అది తొలుత వేసిన టోపీ కావచ్చు" అన్నది ఊహ. దానికి ఆధారం, దాన్ని తేల్చగల తదుపరి పరీక్ష పక్కనే రాయాలి. పైపొరను తొలగించాలా వద్దా అన్న సలహాను ఈ నివేదికలో కలపకూడదు; అది చిత్రపు యజమాని, సంరక్షకుడు, కళాచరిత్రకారుడు కూర్చుని తేల్చే విషయం.

ముడి ఫైళ్లతో పాటు యంత్రం రకం, కిలోవోల్ట్‌లు, కరెంటు, సమయం, దూరం, డిటెక్టర్ రకం, తీసిన తేదీ, చిత్రం దిశ ఒకే చోట దాచాలి. కలిపి కుట్టిన పెద్ద బొమ్మను మాత్రమే ఉంచి విడి ప్లేట్లను పారేయకూడదు. కలిపే సాఫ్ట్‌వేర్ అతుకుల దగ్గర నేతను కాస్త సాగదీస్తుంది, రేపు దారాలు లెక్కించేవారికి విడి ప్లేట్లే కావాలి.